ఇంట్లోనే పన్నీరు కాచేద్దాం!

గుప్పిళ్లకొద్దీ గులాబీ రేకలు, మూతున్న వెడల్పాటి గిన్నె, కాసిని మంచుముక్కలు... ఇవుంటే చాలు, వంటింట్లోనే బుల్లి బట్టీ పెట్టేయొచ్చు. గంట తిరిగేసరికి గ్లాసుడు పన్నీరు చేతికొస్తుంది. అయితే ఏ పువ్వు పనికొస్తుంది, ఎంత మంట పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఏ బట్టీ జోలికి అసలు పోకూడదు... ఇవన్నీ ముందే తెలుసుకుంటే మంచిది.

పెళ్లిపందిరి గుమ్మంలో పట్టుపరికిణీలు కట్టుకున్న అమ్మాయిలు నిలబడి ఉంటారు. ఒకమ్మాయి చేతిలో గంధం గిన్నె, ఇంకొకమ్మాయి చేతిలో వెండి పన్నీరుబుడ్డి. చిలకరిస్తుంటే పెద్దవాళ్లు కళ్లు మూసుకుంటారు. పిల్లలు మాత్రం ఇంకోసారి చల్లించుకోడానికి మళ్లీ బయటికెళ్లి కొత్తగా వచ్చినట్టు వస్తారు. పెళ్లయ్యాక గుత్తివంకాయ గురించి వారంరోజులు చెప్పుకుంటారు కానీ పన్నీరు గురించి ఎవరూ మాట్లాడరు. అదెక్కడిదో, ఎలా తయారైందో ఎవరికీ పట్టదు. చవగ్గా దొరికే సీసాల్లో చాలావాటికి గులాబీతో చుట్టరికమే ఉండదు. నీళ్లలో నాలుగు చుక్కల సెంటు కలిపితే అయ్యే వాసన నీళ్లవి.

అసలైన పన్నీటిని కలపరు, కాస్తారు. పువ్వుల్ని నీళ్లలో మరిగించి, వచ్చే ఆవిరిని ఒడిసిపట్టి, చల్లార్చి, చుక్క చుక్కగా దింపుతారు. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు స్వేదనం. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ ఇలాగే తయారవుతుంది. చిన్నప్పుడు కడుపునొప్పంటే పట్టించిన ఓమ వాటర్ కూడా ఈ కుటుంబానిదే. పేరు ఏదైనా పని ఒకటే: ఆవిరయ్యేదాన్ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని గిన్నెలో వదిలేసి రావడం.

పువ్వుకి నీళ్ల పేరు!

పన్నీరంటే హోటల్ మెనూలో పాలకూరతో కలిసి వచ్చే పనీర్ అనుకునే పిల్లలున్నారు. వాళ్లనేం అనలేం. పేర్ల విషయంలో పెద్దవాళ్లూ తక్కువ తికమక పడలేదు మరి. పర్షియన్ భాషలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. రెండూ కలిస్తే గులాబ్... అంటే పువ్వు కాదు, పన్నీరు! ఆ నీళ్ల పేరే మన దేశానికి వచ్చేసరికి పువ్వుకి అతుక్కుపోయింది. గులాబ్‌జామ్‌లో గులాబీరంగు లేకపోయినా ఆ పేరెందుకొచ్చిందంటే, పాకంలో వేసే పన్నీటి వల్ల.

ఇరాన్‌లోని కాషాన్, ఖంసర్ ప్రాంతాల్లో ఇప్పటికీ ఏటా మే నెల వచ్చిందంటే గులాబీలు కోసి పన్నీరు కాయడం పెద్ద పండగ. తొమ్మిదో శతాబ్దంలోనే అల్‌ కిందీ అనే అరబ్బు పండితుడు పరిమళాల తయారీ మీద ఏకంగా ఓ పుస్తకం రాశాడు. మనవాళ్లూ వెనకబడి లేరు. సంస్కృత రసశాస్త్ర గ్రంథాల్లో ‘తిర్యక్‌పాతన యంత్రం’ కనిపిస్తుంది. ఒక కుండ, దాని మెడ నుంచి ఏటవాలుగా దిగే గొట్టం, ఆ గొట్టం చివర ఇంకో కుండ. తక్షశిల తవ్వకాల్లో దొరికిన మట్టిపాత్రల్ని చూసి, అవి బట్టీ సామానేననీ, స్వేదనానికి పుట్టిల్లు భారతదేశమే కావచ్చనీ వాదించిన పురావస్తు శాస్త్రవేత్తలున్నారు. ఆ వాదన సంగతెలా ఉన్నా, కుండ-గొట్టం-కుండ అమరిక మాత్రం ఇప్పటికీ మారలేదు.

గులాబీ అత్తరు పుట్టుక గురించి జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో రాసుకున్న కబురు మరీ బాగుంటుంది. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం ఒకసారి పన్నీరు తయారుచేస్తోందట. వేడి పన్నీటిని వెడల్పాటి పళ్లేల్లో పోసినప్పుడు పైన సన్నటి తెట్టు కట్టింది. ఇంకొకరైతే తీసి పారేసేవారు. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసింది. అదే గులాబీ తైలం. ఒక్క చుక్కకే చుట్టూ ఉన్న చోటంతా ఘుమఘుమలాడిపోయింది. సలీమా సుల్తాన్ బేగం దానికి చక్రవర్తి పేరే కలిపి ‘ఇత్రె జహంగీరీ’ అని పెట్టింది. అత్తగారు కనిపెట్టింది... పేరేమో అల్లుడిగారిది!

పొయ్యి కంటే మంచే ముఖ్యం

బట్టీ పెట్టేముందు లోపల ఏం జరుగుతుందో అర్థమైతే సగం పని అయిపోయినట్టే. గులాబీకి ఆ వాసన ఇచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్. పేరు చూసి కంగారుపడొద్దు, ఇది తాగే ఆల్కహాల్ కాదు. దీన్ని విడిగా మరిగించాలంటే సుమారు 220 డిగ్రీలు కావాలి. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. మరి 220 దాకా వెళ్లాల్సింది 100 దగ్గరే ఎలా బయటికొస్తోంది?

నీటి ఆవిరి దాన్ని చేయిపట్టుకుని తీసుకొస్తుంది. వేడెక్కిన ప్రతి పదార్థమూ ఎంతో కొంత ఆవిరవ్వాలని చూస్తుంది. ఒకదాంట్లో ఒకటి కలవని నూనె, నీరు ఒకే గిన్నెలో ఉంటే రెండింటి ఒత్తిళ్లూ కలిసిపోతాయి. నూనె వాటా చాలా చిన్నదే. కానీ ఆవిరి ఆగకుండా వస్తుంది కాబట్టి ఆ చిన్న వాటాలే పోగుపడతాయి. పువ్వు మాడకుండా, వాసన చెడకుండా వంద డిగ్రీలకే పనైపోతుంది. దీన్ని కనిపెట్టినవాళ్లెవరోగానీ థర్మామీటరు పుట్టకముందే కనిపెట్టారు.

ఇక అసలు చిక్కు చల్లార్చడంలో ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరి దృష్టీ మంట మీదే ఉంటుంది. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 30 డిగ్రీల దగ్గరున్న ఒక గ్రాము నీటిని మరిగే స్థాయికి తేవడానికి 70 కెలోరీల వేడి చాలు. అదే గ్రామును ఆవిరిగా మార్చడానికి ఇంకో 540 కెలోరీలు కావాలి. ఆ ఆవిరిని మళ్లీ నీరు చేయాలంటే ఆ 540నీ ఎక్కడో ఒకచోట దించాలి. ఆ ‘ఎక్కడో’ మనం పెట్టే మంచు. ఒక గ్రాము మంచు కరిగి, గోరువెచ్చన అయ్యేసరికి మహా అయితే 120 కెలోరీలు పీల్చుకుంటుంది. అంటే ఒక గ్రాము పన్నీటికి ఐదు గ్రాముల మంచు కావాలి. 300 మిల్లీలీటర్ల పన్నీరు కావాలంటే కిలోన్నర మంచు సిద్ధంగా ఉండాలి. ఫ్రిజ్‌లో ఉన్న ఒక్క ట్రే ఐసుముక్కలతో మొదలుపెట్టినవాళ్లకి ఇల్లంతా గులాబీ వాసనా, గిన్నెలో నాలుగు చెంచాల నీళ్లూ మిగులుతాయి. ముందురోజు రాత్రే డబ్బాల్లో నీళ్లు పోసి గడ్డకట్టించుకోవడం మేలు.

మొదటి బట్టీ

ముందుగా పువ్వు. బొకేల్లో వాడే పొడుగుకాడల గులాబీలు చూడ్డానికే బాగుంటాయి. వాసన తక్కువ, మందుల పిచికారీ ఎక్కువ. మరిగించినప్పుడు ఆ మందుల్లో కొన్ని ఆవిరితోపాటే వచ్చేయొచ్చు. పెరట్లోనో, తెలిసినవాళ్ల తోటలోనో మందు కొట్టకుండా పెరిగిన నాటు గులాబీలే కావాలి. పన్నీరు గులాబీ అని నర్సరీల్లో అమ్మే లేతగులాబీరంగు రకం అయితే మరీ మంచిది. ఎండెక్కకముందే కోయాలి. సూర్యుడు పైకొస్తున్నకొద్దీ రేకల్లోని తైలం గాల్లో కలిసిపోతుంటుంది. బల్గేరియాలోని కజాన్‌లాక్ గులాబీ లోయలో తెల్లవారుజామునే కోత మొదలుపెట్టేది అందుకే.

రేకలు విడదీసి పావుకిలో తూచుకోవాలి. ఆకుపచ్చ తొడిమలు ఉంచితే గడ్డి వాసనొస్తుంది. చల్లటి నీళ్లలో ఒకసారి జాడిస్తే చాలు.

ఎనిమిది, పది లీటర్లు పట్టే వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకుని, మధ్యలో ఒక స్టీలు స్టాండు పెట్టాలి. అది లేకపోతే బరువైన గిన్నెను బోర్లించినా సరే. దాని మీద ఖాళీ స్టీలు గిన్నె ఒకటి కూర్చోబెట్టాలి. పన్నీరు పడేది దీంట్లోనే. చుట్టూ రేకలు వేసి లీటరు నీళ్లు పోయాలి. నీళ్లు స్టాండు ఎత్తు దాటకూడదు, దాటితే పైన ఉన్న ఖాళీ గిన్నె పడవలా తేలుతుంది. ఇప్పుడు ఉబ్బెత్తుగా ఉండే మూతను తిరగేసి పెట్టాలి. పిడి కిందికి, సరిగ్గా ఖాళీ గిన్నె నడిమికి రావాలి. ఆవిరి మూతకి తగిలి నీరై, వాలు వెంట జారి, పిడి చివర నుంచి చుక్కలుగా పడుతుంది. పిడి ప్లాస్టిక్‌దైతే ముందే విప్పేసి, ఆ కంతను స్టీలు మరతో బిగించాలి.

తిరగేసిన మూత పళ్లెంలా ఉంటుంది కదా... మంచు అందులో. విడిగా వేస్తే కరిగిన నీళ్లు తోడలేక అవస్థ. మందపాటి కవర్లో కట్టి పెడితే కరగ్గానే తీసి ఇంకోటి పెట్టేయొచ్చు. దమ్ బిర్యానీకి చేసినట్టు అంచు చుట్టూ పిండిముద్ద అతికించాలనిపిస్తుంది కొందరికి. ఆ పని చేయొద్దు. మూత తన బరువుతో కూర్చుంటే చాలు, లోపల ఒత్తిడి పెరిగితే ఆవిరికి దారి ఉండాలి.

నీళ్లు సెగలు కక్కేదాకా మధ్యస్థంగా, ఆ తర్వాత సిమ్‌లో. లోపల చిటపటలు కాదు, సన్నగా గుసగుసలు వినిపించాలి. మంట ఎక్కువైతే రంగునీళ్లు ఎగిరి గిన్నెలో పడతాయి. అలా పడిందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. అసలైన పన్నీటికి రంగుండదు! పువ్వు ఎర్రనిదైనా, గులాబీరంగుదైనా సరే, రంగు ఆవిరికాదు. పన్నీరు మంచినీళ్లలా తేటగా ఉండాలి. బజారు సీసాలో గులాబీరంగు నీళ్లు కనిపిస్తే అది రంగు కలిపినదనే అర్థం.

ముప్పావుగంట నుంచి గంట లోపు 250, 300 మిల్లీలీటర్లు దిగుతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకా నీళ్లున్నాయి కదా అని లాగితే వచ్చేది ఉడికిన ఆకుకూర వాసన. మొదట దిగినది ఘాటుగా, మధ్యలోది హాయిగా, చివరిది చప్పగా... ఏ బట్టీకైనా ఇదే వరస. ఎక్కడ ఆపాలో ముక్కు చెబుతుంది. ప్రతి పదిహేను నిమిషాలకీ దిగినదాన్ని వేరే చిన్న సీసాల్లోకి తీస్తూ వాసన చూస్తే ఒక్కసారికే ఆ తేడా పట్టుబడుతుంది. అయితే మూత తీసేముందు పొయ్యి కట్టేసి రెండు నిమిషాలు ఆగాలి. ఆవిరి కాలితే నీళ్లు కాలినదానికంటే ఘోరంగా ఉంటుంది. ఇందాక చెప్పుకున్న 540 కెలోరీలూ చర్మం మీదే దిగుతాయి మరి. పిల్లలకి చూపించడానికి ఇది చక్కటి సైన్సు పాఠమే. కానీ వాళ్లు స్టూలు మీదెక్కి తొంగిచూసే ఎత్తులో పొయ్యి ఉండకూడదు.

తొలిసారి కాచినవాళ్లు వాసన చూసి నీరుగారిపోతారు. తాజా పన్నీటిలో గులాబీ కంటే ఉడుకు వాసనే ముందు తగులుతుంది. ఒకట్రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే అది సర్దుకుని అసలు పరిమళం పైకొస్తుంది.

కుక్కర్ ప్రయోగాలు... కాస్త ఆగండి

ఇంకాస్త తెలివైన పద్ధతి అంటూ ప్రెషర్‌కుక్కర్ విజిల్ తీసేసి, ఆ రంధ్రానికి గొట్టం తగిలించి బకెట్ నీళ్లలోంచి పోనిచ్చేవాళ్లున్నారు. సూత్రం సరైనదే. బకెట్ పెద్దదైతే మంచుకూడా అక్కర్లేదు. 300 మిల్లీలీటర్ల పన్నీటికి తొమ్మిది, పది లీటర్ల నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కుతాయంతే. కానీ ఒక్క రేక వెళ్లి ఆ రంధ్రానికి అడ్డంపడితే కుక్కర్ బాంబే. సేఫ్టీవాల్వు ఒక్కటే దిక్కు. పప్పు నురగకే మూసుకుపోయే రంధ్రం అది. కొత్తవాళ్లకి ఈ పద్ధతి వద్దనే చెప్పాలి.

గిన్నె పద్ధతి చేయి తిరిగి, ఇంకా ముందుకెళ్లాలనిపిస్తే కాలేజీ ప్రయోగశాలలకి సామాన్లమ్మే షాపుల్లో గాజు స్వేదన పరికరం దొరుకుతుంది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవాళ్లకి లీబిగ్ కండెన్సర్ గుర్తుండే ఉంటుంది. గొట్టం చుట్టూ ఇంకో గొట్టం, మధ్యలో చల్లటి నీళ్లు. చల్లనీళ్లు కింద నుంచి ఎక్కి పైనుంచి పోవాలి. తిరగేసి పెడితే గొట్టం పూర్తిగా నిండదు, సగం ఆవిరి చల్లారకుండానే పోతుంది. ప్రాక్టికల్స్‌లో మార్కులు పోయేది ఇక్కడే. అన్నట్టు దాన్ని లీబిగ్ కనిపెట్టలేదు, వాడి ప్రచారంలోకి తెచ్చాడంతే.

గొట్టాల విషయంలో పిసినారితనం పనికిరాదు. తోటకి నీళ్లుపెట్టే ప్లాస్టిక్ పైపులో వేడి ఆవిరి పంపిస్తే పన్నీటికి పైపు వాసనొస్తుంది. గాజు, స్టీలు, ఆహారానికి పనికొచ్చే సిలికాన్ వాడాలి. రాగి బ్రహ్మాండమే కానీ ప్రతిసారీ చింతపండుతో తోమి చిలుము లేకుండా చూసుకోవాలి.

మల్లెలు మాత్రం వద్దు

గులాబీ తర్వాత అందరి కన్నూ పడేది మల్లెల మీదే. వేసవిలో మూరల లెక్కన దొరుకుతాయి, వాసన చూస్తే మత్తెక్కుతుంది. తీరా కాస్తే వచ్చేది చప్పిడి నీళ్లు! మల్లెకి వేడి పడదు. పరిశ్రమల్లో మల్లె సారాన్ని ఆవిరితో కాకుండా ద్రావకాలతో తీస్తారు. ఉత్తరాదిలో నువ్వుల మీద పూలు పరిచి, వాసన పీల్చుకున్నాక నువ్వులు గానుగాడే పద్ధతి ఒకటుంది.

కొత్తవాళ్లకి గులాబీ కంటే నిమ్మగడ్డే మంచి గురువు. కుండీలో పెరుగుతుంది, ధర లేదు, తప్పులు క్షమిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, తైలం కంటికి కనబడుతుంది. తాజా గడ్డిలో నూటికి అర నుంచి ముప్పావు వంతు తైలం ఉంటుంది. కోసి ఒకపూట నీడలో వాడ్చి, అంగుళం ముక్కలు చేసి అరకిలో కాస్తే... నీటి మీద పసుప్పచ్చగా తేలే నూనె చుక్కలు చూడొచ్చు. చేయి తిరిగితే అర చెంచా దాకా వస్తుంది. సన్నటి సీసాలో పోసి పైకి తేలాక డ్రాపర్‌తో తీసుకోవడమే. మొదటిసారి ఆ పసుప్పచ్చ చుక్కని చూసినవాళ్లకి అస్మత్ బేగం సంబరం అర్థమవుతుంది. గులాబీలో ఆ ముచ్చట ఆశించకూడదు. కిలో గులాబీ తైలానికి మూడు నుంచి ఐదు టన్నుల పూలు కావాలి!

ఇక వాము. వంద గ్రాములు కచ్చాపచ్చాగా దంచి కాస్తే ఇల్లంతా ఓమ వాటర్ వాసనే. చల్లారితే ఒక్కోసారి తెల్లటి పలుకులు కడతాయి. అదే థైమాల్, పచారీకొట్లో వాము పువ్వు. ఘాటైన సరుకు కాబట్టి ఇంట్లో కాచినదాన్ని చంటిపిల్లలకి పట్టించొద్దు. లవంగాలు కాస్తే ఇంకో వింత: ఆ నూనె తేలదు, నీటి అడుక్కి చేరుతుంది. మరువం, దవనం, పుదీనా, తులసి తేలిగ్గానే లొంగుతాయి. వట్టివేరు మాత్రం మొండిఘటం. రాత్రీపగలూ కాయాలి, ఇంటి గ్యాసుతో అయ్యే పని కాదు.

నిమ్మగడ్డి, పామరోజా లాంటి పంటల్నీ, పొలం దగ్గరే పెట్టుకునే పెద్ద బట్టీల్నీ చూడాలనుకునే రైతులకి హైదరాబాద్ బోడుప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సీమ్యాప్ కేంద్రం ఉంది. ఇల్లు దాటి పొలానికెళ్లాలనుకున్నప్పుడు అక్కణ్నుంచి మొదలుపెట్టడం నయం.

మట్టి వాసన సీసాలో!

ఇదే గిన్నె-మూత సంగతి భారీ ఎత్తున చూడాలంటే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ వెళ్లాలి. ఒకప్పుడు హర్షవర్ధనుడి రాజధాని, ఇప్పుడు అత్తరు రాజధాని. అక్కడ ‘దేగ్’ అనే పెద్ద రాగి కాగులో పూలూ నీళ్లూ వేసి, మూతని బంకమట్టితో అతికిస్తారు. తాడు చుట్టిన వెదురుబొంగు గుండా ఆవిరి ‘భప్కా’ అనే రాగి పాత్రలోకి వెళ్తుంది. భప్కా నీళ్లతొట్టిలో మునిగి ఉంటుంది. లోపల గంధపునూనె. ఆవిరి నీరవుతుంటే అందులోని పరిమళాన్ని గంధపునూనె పీల్చేసుకుంటుంది. నీటిని తీసేసి, కొత్త పూలతో మళ్లీ కాస్తారు. అలా రోజుల తరబడి. పొయ్యిలో కట్టెలూ పిడకలే, మీటర్లుండవు. పనివాళ్లు కాగును తడిమి, భప్కాని తాకి, లోపలి చప్పుడు విని మంట పెంచాలా తగ్గించాలా తేల్చేస్తారు. గంధపునూనె ధర ఆకాశానికెక్కాక చాలామంది దాని బదులు లిక్విడ్ పారఫిన్ వంటివి వాడుతున్నారు. అత్తరు కొనేటప్పుడు అడిగి తెలుసుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లోనూ పాత బేరగాళ్లు ముందు అడిగేది ఏ నూనె మీద దింపారనే.

కన్నౌజ్‌లో పువ్వులేకాదు, మట్టినీ కాస్తారు! కాల్చిన మట్టిపెళ్లల్ని దేగ్‌లో వేసి, తొలకరి చినుకు పడ్డప్పటి వాసనని గంధపునూనెలోకి దింపుతారు. ఆ వాసనకి 1964లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలిద్దరు పెట్రికోర్ అని పేరుపెట్టారు. వాళ్ల వ్యాసంలో భారతీయుల మట్టి అత్తరు ప్రస్తావన కూడా ఉంది. సైన్సు పేరు పెట్టకముందే మనవాళ్లు దాన్ని సీసాలో పట్టి అమ్మేశారన్నమాట.

అంతదూరం వెళ్లలేకపోతే శ్రీకాకుళం పొరుగునే ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లా ఉంది. ఛత్రపురం, గోపాల్‌పూర్ తీరంలో మొగలిపూల బట్టీలు ఉంటాయి. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో సింహభాగం ఆ జిల్లాదే. మొగలిలో మగచెట్టు పూలకే ఆ ఘాటు. బిర్యానీలో వేసే కేవ్‌డా నీళ్లు వీటివే.

ఆ బట్టీ జోలికి పోవద్దు

బట్టీ అనగానే మన పల్లెల్లో గుర్తొచ్చేది వేరే. పరికరం ఒకటే కదా, ఇదే గిన్నెలో ఇంకోటి కాస్తే ఏమవుతుంది అన్న చిలిపి ప్రశ్న ఇంట్లో ఎవరికో ఒకరికి వస్తుంది. జైలుకి వెళ్లాల్సొస్తుంది! రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సారా కాయడమే కాదు, కాయడానికి సామాన్లు దగ్గర పెట్టుకున్నా నేరమే. ‘నా కోసమే కాచుకున్నా’ అంటే చెల్లదు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి కాచుకోవడం తప్పుకాదు. అక్కడి పుస్తకాలూ, వీడియోలూ చూసి ఇక్కడా అంతేననుకోకూడదు. పెద్ద రాగి బట్టీ ఏదైనా కొనే ఆలోచన ఉంటే, అది పూల కోసమే అయినా, ముందు దగ్గర్లోని ఎక్సైజ్ కార్యాలయంలో అడిగి ముందుకెళ్లడం మంచిది.

చట్టం ఒక్కటే కాదు. నీటి ఆవిరి మండదు, ఆల్కహాల్ ఆవిరి భగ్గుమంటుంది. మూత సందులోంచి కాస్త పొయ్యి వైపు పోతే వంటిల్లే అంటుకుంటుంది. ఇక మిథనాల్ కలిసిందంటే అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటినరాన్ని దెబ్బతీస్తుంది, తర్వాత ప్రాణం తీస్తుంది. కల్తీసారా తాగినవాళ్లకి చూపు పోయిందన్న వార్తల వెనక ఉన్నది అదే. మిథనాల్ దాదాపు 65 డిగ్రీలకీ, ఇథనాల్ 78 డిగ్రీలకీ మరుగుతాయి కాబట్టి రెంటినీ తేలిగ్గా విడదీయొచ్చని కొందరి ధీమా. నాటు బట్టీలో అవి అలా వరసలో రావు. వాసనతోనో రుచితోనో ఆ విషాన్ని కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

సారా బట్టీలూ, సారా కొట్లూ ఎన్ని కాపురాలు కూల్చాయో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లని అడగాలి. అక్షరదీపం తరగతుల్లో కూర్చుని చదువుకుంటూనే వాళ్లు 1992లో సారాకొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ నిప్పు ఊరూరా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేసినా, సారా మీద నిషేధం మాత్రం ఎత్తలేదు. అందుకే మన వంటింటి బట్టీ పన్నీటి దగ్గరే ఆగాలి.

ఏం చేసుకోవాలి?

ఖర్చు లెక్కలు వేసేవాళ్లకి ముందే చెప్పాలి, ఇది లాభసాటి బేరం కాదు. పెరట్లో పూలుంటే తప్ప, పూలు కొని, గ్యాసు కాల్చి, మంచు కరిగించి చేస్తే బజారు సీసాయే చవక. సీసాలో ఏముందో తెలియడమే ఇందులోని లాభం.

నిల్వకి గాజుసీసా వాడాలి. నీళ్లలో పది నిమిషాలు మరిగించి పూర్తిగా ఆరబెట్టాకే పన్నీరు పోయాలి. ఇంట్లో కాచినదాంట్లో చెడిపోకుండా ఉంచే మందులేవీ కలపం కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు వారాల్లో వాడేయాలి. తేటగా ఉన్నది మసకబారినా, అడుగున తీగల్లా ఏదైనా కదిలినా పారబోయడమే. గులాబ్‌జామ్ పాకంలో, బాదంపాలల్లో, సేమ్యాపాయసంలో దించాక చెంచాడు వేస్తే చాలు. పొయ్యి మీద ఉండగా వేస్తే అంత కష్టపడి పట్టిన వాసన మళ్లీ ఆవిరైపోతుంది. మొహానికి రాసేముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడాలి. కళ్లలో మాత్రం వేయకూడదు. పన్నీరు కళ్లకి చలవ అని పెద్దవాళ్లు అంటారు కానీ, ఇంటి పన్నీరు సూక్ష్మజీవులు లేని మందు కాదు. కంటి చుక్కలకి ఆ శుభ్రత తప్పనిసరి. నిమ్మగడ్డి, లవంగ తైలాలైతే నేరుగా ఒంటికి రాయనే వద్దు, కొబ్బరినూనెలో ఒకట్రెండు చుక్కలు కలుపుకోవాలి.

మూత మీద కరిగిన మంచునీళ్లు మొక్కలకి పోసేయొచ్చు. అడుగున మిగిలిన రేకల్నీ, ఎర్రటి నీళ్లనీ గులాబీ మొక్క మొదట్లోనే వేయొచ్చు... పూర్తిగా చల్లారాక.